ఆడ లైను ఏ రకం? మిరప సీడ్ ప్లాటు ఒప్పుకునే ముందు అడగాల్సిన ప్రశ్న

విత్తన కంపెనీ తరఫున ఆర్గనైజర్ వచ్చి మిరప సీడ్ ప్లాటు, అంటే రెండు లైన్లు కలిపి సంకర విత్తనం తీసే చేను, పెట్టమంటే రైతు మొదట అడిగేది కిలోకి ఎంతిస్తారని. రెండోది, విత్తనం ఫెయిలైతే నష్టం ఎవరిదని. రెండూ అడగాల్సినవే. నేనైతే వాటికన్నా ముందు "ఆడ లైను ఏ రకం?" అని అడుగుతాను. ఆడ లైనంటే విత్తనం కాసే మొక్కలు, మగ లైనంటే పుప్పొడి ఇచ్చేవి. చేత్తో కేసరాలు తీయాల్సిన మామూలు లైనా, జీఎంఎస్సా, సీఎంఎస్సా? (ఈ చివరి రెండూ పుప్పొడి పుట్టని గొడ్డు లైన్లు, తేడా కింద చెప్తాను.) కూలీల ఖర్చు, బెరుకుల (తేడా మొక్కల) బెడద, చివరికి శాంపిల్ పాసవుతుందా లేదా అన్నవి చాలావరకు ఆ ఒక్క జవాబులోనే తేలిపోతాయి.

ఇది సీడ్ ప్లాటు పెట్టే రైతుల కోసం, చిన్న విత్తన సంస్థల్లో కొత్తగా చేరిన కుర్రాళ్ల కోసం రాస్తున్నాను. పాలీహౌస్ కీర, గింజల్లేని పుచ్చ వేసేవాళ్లకు పనికొచ్చే మాటలు చివర్లో ఉన్నాయి. వాళ్లు నేరుగా అక్కడికి వెళ్లిపోవచ్చు. నా తీర్పు ముందే చెప్పేస్తాను. ప్లాటు అరెకరం లోపుండి ఇంటి మనుషులే పనిచేస్తే చేతి పనే మేలు. పెద్ద ప్లాటు, పూలు చూసి మొక్కను పట్టేయగల మనిషి ఒకరుంటే జీఎంఎస్. మగ లైనులో పుప్పొడిని తిరిగి తెప్పించే రెస్టోరర్ జన్యువు ఉందని కంపెనీ రుజువు చూపిస్తే సీఎంఎస్. ఉల్లికి సీఎంఎస్ తప్ప వేరే దారి లేదు. టమాటాకు మన దగ్గర ఇంకా చేతి పనే.

పువ్వులో పని ఎక్కడ ఆగింది?

వంధ్యత్వం, అంటే గొడ్డుతనం, అన్న మాట వినగానే అన్నీ ఒకటే అనుకుంటాం. పువ్వు తయారయ్యే దారిలో ఏ మెట్టు దగ్గర తేడా వచ్చిందన్నదాన్ని బట్టి ఫలితం పూర్తిగా మారిపోతుంది.

పువ్వును పైనుంచి చూస్తే నాలుగు వలయాలు: బయట రక్షక పత్రాలు, ఆ లోపల ఆకర్షక పత్రాలు, తర్వాత కేసరాలు, నడిమధ్య అండాశయం. ఈ నాలుగింటినీ మూడు తరగతుల జన్యువులు నిర్ణయిస్తాయని 1991లో ఎన్రికో కోయెన్, ఇలియట్ మెయెరోవిట్జ్ చెప్పారు. దాన్నే ఏబీసీ నమూనా అంటారు. 'ఏ' ఒక్కటే పనిచేస్తే రక్షక పత్రం, 'ఏ', 'బీ' కలిస్తే ఆకర్షక పత్రం, 'బీ', 'సీ' కలిస్తే కేసరం, 'సీ' ఒక్కటే ఉంటే అండాశయం. ఇప్పుడు బీ పడిపోయిందనుకోండి. కేసరం రావాల్సిన చోట సీ ఒక్కటే మిగులుతుంది, అక్కడ అండాశయం లాంటి ముక్కలు పుడతాయి. టమాటాలో 'స్టామెన్‌లెస్' అనే మార్పు రకం అచ్చంగా ఇదే. కేసరాలుండవు కాబట్టి పుప్పొడి గొడవ లేదు, బాగుందే అనిపిస్తుంది. కానీ కేసరాల స్థానంలో పుట్టిన ఆ ముక్కలు నడిమి అండాశయానికి అతుక్కుపోయి కాయ వంకరగా, ముద్దగా తయారవుతుంది. మగ వైపు చెరిపేయబోతే ఆడ వైపు కూడా చెడింది.

అదే తేడా ఆలస్యంగా వచ్చిందనుకోండి. కేసరం కేసరంగానే పుట్టింది, కానీ దాని లోపల పుప్పొడిని పోషించే సన్నని పొర, అంటే టపీటమ్, తన పని చేయలేదు. పుప్పొడి పాలులేని పిల్లలా ఎండిపోతుంది. అండాశయం మాత్రం చెక్కుచెదరదు. టమాటాలో ఎంఎస్-10 ఈ కోవదే. విత్తనం చేసేవాడికి కావలసింది ఈ రకమే, ఎందుకంటే విత్తనం కాసేది ఆడ మొక్క మీద. ఆడ లైనులో పుప్పొడి చావాలి, అండాలు బతకాలి.

అందుకే కొత్త గొడ్డు లైను చేతికొచ్చినప్పుడు ఓ చిన్న పరీక్ష చేయమంటాను. గొడ్డు మొక్కల మీద 20 పూలకు ధారాళంగా మంచి పుప్పొడి అంటించండి. దాని అక్కచెల్లెలు లాంటి మామూలు మొక్క మీద 20 మొగ్గలకు కేసరాలు తీసి, అదే పుప్పొడి, అదే రోజు అంటించండి. కాయలు పండాక గింజలు లెక్కపెట్టండి. గొడ్డు మొక్క కాయల్లో గింజలు బాగా తగ్గితే ఆ లైనుకు ఆడ వైపు కూడా కుంటితనం ఉన్నట్టే. ప్లాటు మొత్తం వేసి కిలోలు తగ్గాక ఎరువులను, వానను తిట్టుకోవడం కన్నా ముందే నలభై పూలు ఖర్చుపెట్టడం నయం.

మిరపకు మూడు దారులు

చేతి పనితో మొదలుపెడదాం. సాయంత్రం, మర్నాడు విచ్చుకోబోయే మొగ్గను చూసి, పట్టకారుతో రేకులు విప్పి, పుప్పొడి సంచులు పగలకముందే తీసేస్తారు. మర్నాడు పొద్దున మగ మొక్కల నుంచి సేకరించి ఆరబెట్టిన పుప్పొడిని కీలాగ్రానికి, అంటే అండాశయం మీది కాడ (కీలం) కొసకి, అద్దుతారు, గుర్తుకు దారం కడతారు. గద్వాల వైపు సీడు పత్తి చేసినవాళ్లకు ఈ క్రాసింగ్ పని కొత్తేమీ కాదు. కానీ పత్తి పువ్వు పెద్దది, మిరప మొగ్గ చిన్నది. పత్తిలో ఆరితేరిన చేయి కూడా మిరపలో మొదటి వారం అండాశయాన్ని గిల్లి పారేస్తుంది.

లెక్క ఒకటి వేసి చూడండి. మిరప వెయ్యి గింజలు 6 గ్రాములనుకుంటే కిలోకు దాదాపు 1,66,000 గింజలు. కాయకు 60 గింజలు చొప్పున 2,800 కాయలు కావాలి. చేయి తగిలిన పూలలో సగమే నిలబడ్డాయనుకుంటే 5,500 మొగ్గలు విప్పాలి. కిలోకు. మీ లైనులో కాయకు ఎన్ని గింజలో, ఎన్ని పూలు నిలబడతాయో తెలిస్తే ఈ అంకెలు మార్చుకుని మీ రేటు మీరే కట్టుకోవచ్చు. కాయకు 60 బదులు 40 గింజలే ఉన్న లైనుకు కిలో రేటు ఒకటిన్నర రెట్లు అడగాలి. అలా అడిగే రైతును నేనింతవరకు ఒక్కరినే చూశాను.

చేతి పనికి ఉన్న గొప్ప సుగుణం స్వేచ్ఛ. ఏ రెండు లైన్లనైనా కలపొచ్చు. ఆడ లైనును నిలబెట్టుకునే నిర్వహణ ప్లాట్లు అక్కర్లేదు, రెస్టోరర్ గొడవ లేదు. ఒక మొగ్గ ఆలస్యంగా విప్పితే పోయేది ఆ ఒక్క కాయే.

జీఎంఎస్ అంటే వంధ్యత్వం కణకేంద్రకంలోని ఒక అంతర్గత (రిసెసివ్) జన్యువు వల్ల వచ్చింది. లూధియానాలోని పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం సీహెచ్-1 సంకరాన్ని ఎంఎస్-12 అనే ఇలాంటి లైనుతోనే చేసింది. దీనిలో బలం, మగ లైను ఏదైనా సరిపోతుంది. మామూలు లైను ఏది కలిపినా సంకరం మొక్కలన్నీ పుప్పొడితో, కాపుతో ఉంటాయి.

బలహీనత నారుమడిలోనే మొదలవుతుంది. గొడ్డు మొక్క తనంతట తాను విత్తనం కట్టలేదు కాబట్టి, ఆ జన్యువును ఒక్క పాలే మోసే, తోబుట్టువు లాంటి మంచి మొక్కతో కలిపి విత్తనం తీస్తారు. అందులో సగం గొడ్డువి, సగం మంచివి. ఆడ వరుసల్లో నాటిన మొక్కల్లో సగం పీకి పారేయాల్సినవే, అదీ మొదటి పువ్వు విచ్చుకున్నాకే తెలుస్తుంది.

గుంతకు రెండేసి మొక్కలు నాటి, పూత రాగానే మంచిదాన్ని తీసేయమని సలహా ఇస్తారు. లెక్కేస్తే నాలుగింట ఒక గుంతలో రెండూ మంచివే పడతాయి, ఆ గుంత ఖాళీ. మూడేసి నాటితే ఎనిమిదింట ఒకటి ఖాళీ. నా ఓటు మూడుకే. నారు ఖర్చు కొంచెం పెరిగినా, ఖాళీ గుంతల మధ్య డ్రిప్పు నీళ్లు పారించడం కన్నా నయం. రెండు గొడ్డు మొక్కలు నిలిచిన చోట ఒకటి పీకడానికి మనసొప్పదు. పీకాల్సిందే.

ఏరివేత పొద్దున పుప్పొడి రాలే వేళ చేయాలి. మంచి మొక్క సంచులు పగిలి వేలికి పొడి అంటుతుంది. గొడ్డు మొక్క సంచులు చిన్నగా, ముడుచుకుపోయి ఉంటాయి, గోటితో చీల్చినా పొడి ఉండదు. ఒక్క పువ్వు చూసి తీర్పు చెప్పొద్దు, రెండో పువ్వు కూడా చూడండి. నేను పనిచేసిన ఒక ప్లాటులో ఏరివేతకు నాలుగు రోజులు ఆలస్యమైంది. మిగిలిపోయిన మంచి మొక్కలు వరుసకు రెండో మూడో అంతే. కానీ తేనెటీగలు ఆ నాలుగు రోజులూ ఖాళీగా లేవు. సీజను చివర గ్రో-అవుట్ పరీక్షలో, అంటే శాంపిల్ గింజలు నాటి మొక్కలు చూసే పరీక్షలో, బెరుకులు బయటపడ్డాయి, లాటు మొత్తం తిప్పి పంపారు. అప్పటినుంచి పూత మొదలైన వారం నాకు పండగలూ పబ్బాలూ లేవు.

ఇక సీఎంఎస్. ఇక్కడ వంధ్యత్వం కణద్రవ్యంలో, మైటోకాండ్రియాలో ఉంటుంది, తల్లి నుంచి పిల్లలందరికీ వెళ్తుంది. ఆడ లైనును 'ఏ' లైను అంటారు (ఏబీసీ నమూనాలోని ఏ, బీలకూ దీనికీ సంబంధం లేదు). దానికి అచ్చు గుద్దినట్టుండి, కణద్రవ్యం మాత్రం మామూలుదైన బీ లైనుతో కలిపితే వచ్చే మొక్కలన్నీ గొడ్డువే. ఏరివేత లేదు, గుంతకు ఒకే మొక్క. 1958లో పీటర్సన్ అమెరికాలో మిరపలో సీఎంఎస్‌ను గుర్తించింది భారతదేశం నుంచి వెళ్లిన పీఐ 164835 అనే శాంపిల్‌లో. మన గింజే సముద్రం దాటి ప్రపంచానికి ఆడ లైను ఇచ్చింది. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ వారి అర్క మేఘన, అర్క హరిత, అర్క శ్వేత సంకరాలు, లూధియానా వారి సీహెచ్-27 ఈ పద్ధతిలోవే.

మరి ఇంత సుఖమైనది అందరూ ఎందుకు వాడరు? మొదటిది, మగ లైనులో వంధ్యత్వాన్ని తిరగ్గొట్టే రెస్టోరర్ జన్యువు ఉండాలి. కారం మిరపల్లో అది చాలావాటికి ఉంటుంది, క్యాప్సికంలో అరుదు. లేని మగ లైనుతో చేసిన సంకరం విత్తన ప్లాటులో బాగానే కాస్తుంది, కొన్న రైతు చేలో మాత్రం పుప్పొడి లేక పూత రాలిపోతుంది. రెండోది వాతావరణం. రాత్రిళ్లు చలి ముదిరితే కొన్ని 'ఏ' లైన్లు దొంగచాటుగా పుప్పొడి వదులుతాయి. కాబట్టి చలికాలం పూత వచ్చేలా ప్లాటు పెట్టమంటే, ఆ లైను చలిలో ఎలా ఉంటుందో అడగండి, వారానికొకసారి మీరే సంచులు చీల్చి చూడండి. మూడోది రైతు చేతిలో లేనిది: ప్రపంచమంతా ఒకే కణద్రవ్యం మీద ఆధారపడటం. 1970లో అమెరికాలో మొక్కజొన్న సంకరాలకు వాడిన టీ కణద్రవ్యం మీద ఆకుమచ్చ తెగులు విరుచుకుపడి దేశమంతా పంట దెబ్బతింది. మిరపకు అలా జరగాలనేం లేదు, కానీ సంస్థల్లో పనిచేసే కుర్రాళ్లు జీఎంఎస్ లైన్లను మూలన పడేయకుండా ఉంచుకోవడానికి ఇది చాలు.

గొడ్డు లైను తెచ్చుకుంటే తేనెటీగలే క్రాసింగ్ చేసేస్తాయన్న ఆశ కొందరికి ఉంటుంది. పూర్తిగా నమ్మొద్దు. పుప్పొడి లేని పువ్వు ఈగకు సగం ఖాళీ విస్తరి, మకరందం కోసమే వస్తుంది. అందుకే చాలాచోట్ల గొడ్డు మొక్కల మీద కూడా పొద్దున పుప్పొడి చేత్తోనే అద్దుతారు. తగ్గేది సాయంత్రం మొగ్గ విప్పే పని ఒక్కటే. మొగ్గను గిల్లం కాబట్టి కాయ నిలబడటం కూడా మెరుగవుతుంది. ఈగల మీద ఆధారపడే ప్లాటైతే వేరే మిరప చేలకు ఎడంగా ఉంచే దూరం మరీ ముఖ్యం: మిరప రకాల ధ్రువీకరణ విత్తనానికే 200 మీటర్లు, దానికి మూలమైన ఫౌండేషన్ విత్తనానికి 400 మీటర్లు అడుగుతారు. గుంటూరు, ఖమ్మం వైపు చుట్టూ మిరప సముద్రంలో ఆ దూరం దొరకదు. అక్కడ వల కింద చేతి పని తప్ప ఇంకోటి ఆలోచించొద్దు.

సంకరం కాయల గింజ దాచుకుని మళ్లీ వేసేవాళ్లకు ఒక మాట. జీఎంఎస్ అయినా, ఒకే రెస్టోరర్ జన్యువుతో చేసిన సీఎంఎస్ అయినా, మరుసటి తరంలో నాలుగింట ఒక మొక్క గొడ్డుది వస్తుంది. పువ్వు పూస్తుంది, కాయ సరిగా నిలవదు. తెగులని మందులు కొట్టి డబ్బులు తగలేసుకోకండి.

ఉల్లి, టమాటా, వంగ

ఉల్లికి ఎంపికే లేదు. ఒక్కో పువ్వులో గరిష్ఠంగా 6 గింజలు. కిలో విత్తనానికి డెబ్బై వేల పూలు విప్పాల్సి వస్తుంది. 1925లో కాలిఫోర్నియాలోని డేవిస్‌లో ఇటాలియన్ రెడ్ రకంలో 13-53 అనే నంబరు మొక్క గింజ కట్టకుండా, పూగుత్తిలో చిన్న చిన్న గడ్డలు వేసింది. ఆ గడ్డలతోనే దాన్ని బతికించుకున్నారు. జోన్స్, క్లార్క్ 1943లో దాని వెనక ఉన్న కణద్రవ్యం, జన్యువుల లెక్క తేల్చారు, సంకర ఉల్లి అక్కడ మొదలైంది. ఉల్లికి ఇంకో సుఖం: రైతు అమ్మేది గడ్డను, కాబట్టి సంకరం మొక్క గొడ్డుదైనా ఎవరికీ నష్టం లేదు, రెస్టోరర్ వెతకనక్కర్లేదు. మిరపకు ఆ అదృష్టం లేదు.

టమాటాలో ఎంఎస్-10 పక్కనే కాండానికి ఊదా రంగు ఇచ్చే జన్యువు ఉండటం ముచ్చటైన సంగతి. రెండూ దగ్గరగా ఉన్నందువల్ల ఊదా రంగు లేని పచ్చ కాండం నారు చూసి గొడ్డువి ఏవో నారుమడిలోనే చాలావరకు పట్టేయొచ్చు. అయినా మన దగ్గర చేతి పనే నడుస్తోంది. టమాటా పువ్వు దగ్గరికి మామూలు తేనెటీగ పెద్దగా రాదు, పుప్పొడి ఎలాగూ చేత్తోనే పెట్టాలి. ఆదా అయ్యేది సగం పనే, దానికోసం లైన్లు నిలబెట్టుకునే శ్రమ రెండింతలు.

వంగలో క్రాసింగ్ చేసేవాళ్లు కీలం పొడవు చూడటం నేర్చుకోవాలి. ఒకే మొక్క మీద కీలం కేసరాలను దాటి బయటికి వచ్చిన పూలుంటాయి, కేసరాల్లో మునిగిపోయిన పొట్టి కీలం పూలూ ఉంటాయి. పొట్టివి చూడ్డానికి పువ్వులే గానీ అండాశయం ఎదగక కాయ కట్టవు, లెక్కకు ఆడ గొడ్డువి. మొక్క మీద కాయల బరువు పెరిగే కొద్దీ ఇవి ఎక్కువవుతాయి. పొడుగు, మధ్యస్థ కీలం పూలకే చేయి పెట్టండి. పొట్టి పువ్వు మీద పెట్టిన కూలి బూడిదలో పోసిన పన్నీరు.

ఆడ వంధ్యత్వంతో పనేమిటి?

విత్తనం కాసే మొక్క గొడ్డుదైతే విత్తనమే లేదు, మరి దీన్నెవరు కోరుకుంటారు? ఒక ఆలోచన ఉంది: మగ లైను ఆడ వైపు గొడ్డుదైతే, ఆడ మగ గింజలు కలిపి చల్లేసి, చివర్లో అంతా కలిపి కోసేయొచ్చు. మగ మొక్క మీద గింజే ఉండదు కాబట్టి బెరుకు రాదు. మిషనుతో ఒక్కసారి కోసే వరి లాంటి పంటల్లో దీనికి అర్థముంది. కూరగాయల్లో కాయ కాయనూ చేత్తో కోసి గింజ తీస్తాం, మగ వరుసను వదిలేసి కోయడం ఎంత పని? పైగా ఆడ గొడ్డు మగ లైనును తరం తర్వాత తరం నిలబెట్టుకోవడం ఇంకో తలనొప్పి. కూరగాయల సీడ్ ప్లాటుకు ఇప్పట్లో ఇది అక్కరకు రాదన్నదే నా అభిప్రాయం. దీని అసలు లాభం కాయను తినేవాడికి, అమ్ముకునేవాడికి.

గింజ అక్కర్లేని పంటలు: కీర, పుచ్చ

కీర విత్తనం కొనేటప్పుడు రెండు వేర్వేరు గుణాలను ఒకటే అనుకోవడం మామూలు పొరపాటు. ఆడ పూలే పూయడం ఒకటి. పుప్పొడి లేకుండానే కాయ కట్టడం మరొకటి.

ఆడ పూలే పూసే గుణం మొక్కలో ఇథిలీన్ అనే హార్మోను తయారీని పెంచే జన్యువుల వల్ల వస్తుంది. అందుకే ఇథిలీన్ వదిలే ఇథ్రెల్ మందు కొడితే ఆడ పూలు పెరుగుతాయి, వెండి లవణాలు కొడితే ఆడ మొక్క మీద కూడా మగ పూలు వస్తాయి; ఈ లైన్లను విత్తనంతో నిలబెట్టుకునేది ఆ వెండి మందుతోనే. మన దేశంలో పూసా సంయోగ్ జపాను ఆడ లైనుతో చేసిన సంకరం. చిక్కేమిటంటే పొడుగు పగళ్లలో, ముదిరిన ఎండల్లో చాలా ఆడ లైన్లు మళ్లీ మగ పూలు పూస్తాయి. వేసవి పంటకు చల్లటి దేశపు లైను కొంటే ప్యాకెట్ మీది బొమ్మ ఒకటి, తీగ మీద కనిపించేది ఇంకొకటి.

పాలీహౌస్‌కు రెండు గుణాలూ ఉన్నదే కొనండి, అక్కడ ఈగలు రావు. వల చిరిగి ఈగలు దూరితే కాయలో గింజలు పడి కొస లావెక్కుతుంది, గ్రేడు పడిపోతుంది. బయలు చేలకు ఆడ పూల సంకరం కొంటే, పుప్పొడి కోసం కంపెనీయే పదో వంతు దాకా మామూలు కీర గింజ కలిపి ఇస్తుంది, కొన్నిసార్లు వేరే రంగు పూసి. ఆ మొక్కలు మిగతావాటికి భిన్నంగా కనిపిస్తాయి. కల్తీ అనుకుని పీకేసినవాళ్లు ఉన్నారు. పీకితే చేనంతా పిందె దశలోనే ఎండిపోతుంది.

గింజల్లేని పుచ్చ కథ వేరు. జపానులో కిహారా చూపిన దారి అది: నాలుగింతల క్రోమోజోముల ఆడ మొక్కను మామూలు మగతో కలిపితే మూడింతల మొక్క వస్తుంది. మూడు జతగా విడిపోలేవు, అందుకే దానికి పుప్పొడీ పనికిరాదు, అండాలూ పనికిరావు. అసలు ఆడ వంధ్యత్వం ఇదే. ఢిల్లీలోని భారతీయ వ్యవసాయ పరిశోధన సంస్థ (ఐఏఆర్ఐ) వారి పూసా బేదానా, బెంగళూరు సంస్థ వారి అర్క మధుర ఈ రకాలు. బజారులో కనిపించే నల్లటి చిన్న పుచ్చకాయలన్నీ ఇవేనని చాలామంది అనుకుంటారు. కోసి చూడండి, వాటిలో ఎక్కువవాటికి గింజలుంటాయి.

ఇది వేయాలనుకుంటే రెండు ఖర్చులు కలుపుకోండి. గింజ పెంకు మందం, పిండం బలహీనం. నేరుగా పొలంలో వేయకుండా, 30 డిగ్రీల వెచ్చదనం దొరికే చోట ట్రేల్లో, తేమ తక్కువగా ఉంచి మొలిపించాలి. ఎక్కువ నీళ్లు పోస్తే లోపలే కుళ్లిపోతుంది. రెండోది, కాయ పట్టడానికి పుప్పొడి ప్రేరణ కావాలి, అది ఈ మొక్క దగ్గర లేదు. మూడు మొక్కలకొకటి చొప్పున మామూలు పుచ్చ నాటాలి. దాని కాయ రంగూ చారలూ వేరుగా ఉండే రకం ఎంచుకుంటే కోతప్పుడు కూలీలు కలిపేయరు. పూత కూడా ఒకేసారి రావాలి కాబట్టి, రెండు రకాల నారూ ట్రేల్లో ఎప్పుడెప్పుడు వేయాలో విత్తనం కొనేచోటే అడిగి రాసుకోండి.